బిషప్పుగారి స్టాషా, కోస్ట్కా స్టాషా

మూడు దాటింది. కోస్ట్కా స్టాషా నాలుగింటికి పది నిమిషాలుందనగా వస్తుంది. యాభై మూడేళ్లుగా అంతే, వాన పడ్డా వస్తుంది, మోకాళ్లు వాచినా వస్తుంది, ఒక ఏడు పిత్తాశయంలో రాళ్లు తీయించుకుని కుట్లు విప్పకముందే కర్ర పట్టుకుని వచ్చింది, గుమ్మంలో ఆయాసపడుతూ పూలు నా చేతిలో పెట్టి నూరేళ్లు బతకవే స్టాషా అంది. బతుకుతాను, నీ సంగతి తేల్చకుండా ఎక్కడికి పోతానే అని లోపల అనుకుని, పైకి మాత్రం రా కూర్చో అన్నాను. ఇవాళ కూడా అలాగే అంటాను. ఇవాళ దానికి పెద్ద ముక్క కోసి పెడతాను, తిననిస్తాను, టీ తాగనిస్తాను, అప్పుడు కేకు పళ్లెం ఎత్తి దాని కిందున్న గోధుమరంగు కవరు తీస్తాను. అంచు ఒక వేలెడు బయటికి కనబడుతోంది, కనబడాలనే అలా పెట్టాను. బల్లమీద తెల్లగుడ్డ ఇస్త్రీ మడతలు చెదరకుండా పరిచాను, ఉల్లిపాయల్లో ఊరిన హెర్రింగ్ చేపలు గాజు పళ్లెంలో ఉన్నాయి, గసాల రొట్టె కోసి పెట్టాను, చెర్రీ సారా సీసా కిటికీ పక్కన చల్లగా ఉంది. పదకొండు కుర్చీలు. అందులో మూల కుర్చీ దానిది.

వచ్చే ఏడు నాకు డెబ్బై నిండుతాయి, ఇంతవరకు పేరు పండక్కి, అంటే నా పేరుగల పునీతుడి రోజుకి, రండి అని ఎవరినీ నోరు తెరిచి పిలిచి ఎరగను. ఎవరు మాత్రం పిలుస్తారు, గుర్తున్నవాళ్లు వస్తారు, పూలతో గుమ్మంలో నిలబడ్డవాళ్లని ఎవరు రమ్మన్నారని అడగం, శత్రువైనా సరే టీ పోసి కేకు పెట్టాల్సిందే. ఈసారి సిగ్గు విడిచి ఇంటింటికీ తిరిగాను. మందులషాపు ముసలామెకి చెప్పాను, పోస్టాఫీసులో కోస్ట్కా స్టాషాతో కలిసి పనిచేసినవాళ్లకి చెప్పాను, ఫాదర్ యులియన్‌గారికి పాపసంకీర్తన జాలీలోంచే చెప్పాను, మా అన్న విటెక్‌ని ఎవరు పట్టించారో ఎనిమిదో తారీకున కాగితం చూపిస్తాను రండి అని. ఫాదర్‌గారు ఇది పాపం కింద చెప్తున్నారా, పిలుపు కింద చెప్తున్నారా స్టాషాగారూ అన్నారు. రెండూ అనుకోండి అన్నాను. కోస్ట్కా స్టాషాకి మాత్రం నేను చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, ఈ ఊళ్లో చివరి ఇంట్లో పాలు పొంగితే మొదటి ఇంట్లో తెలుస్తుంది.

కవరు నేను ఇంకా తెరవలేదు. గురువారం నా కూతురు బొజెనా పట్నంలో పాత పోలీసు ఫైళ్లుండే ఆర్కైవుకి వెళ్లి నకలు తీయించి తెచ్చింది. ఆ ఆఫీసులో మూడంతస్తుల మెట్లు, నా వల్ల కాదు, సంతకం పెట్టి దాన్ని పంపాను. వచ్చిన దగ్గర్నించి దాని మొహం బాగాలేదు. అమ్మా, పండగ అయ్యాక చదువు, నువ్వొక్కదానివీ ఉన్నప్పుడు చదువు అంది. వాళ్ల నాన్న పోలిక, కోడిని కోసేటప్పుడు కూడా పక్కగదిలోకి వెళ్లిపోయేవాడు ఆయన. ఏముందో చెప్పకు, నోరు మూసుకో అన్నాను. మూసుకుంది. నాకు తెలిసిందే కదా ఉన్నది, కొత్తగా తెలుసుకోవాల్సింది ఏముంది, కాకపోతే ముద్రవేసిన కాగితం మీద కోస్ట్కా స్టాషా పేరు పదిమంది ముందు మొదటిసారి పలకాలి. ముందే చదివి సాధన చేసుకుంటే ఆ రుచి పోతుంది. బొమ్మలోని బిషప్పుగారు సమాధి తవ్వించి శవాన్ని రాజుగారి సభకి తెచ్చారు గాని, దారిలో ఆపి ఏం చెప్పబోతున్నావురా అని అడగలేదు.

ఆ బొమ్మ మా చర్చిలో ఎడమవైపు పీఠం మీద ఉంది. పునీత స్టానిస్లావ్, క్రాకవ్ బిషప్పుగారు, ఒక ఆసామి దగ్గర పొలం కొన్నారు, ఆసామి చచ్చాడు, అమ్మలేదు పొమ్మన్నారు వారసులు, రాజు వాళ్ల పక్షం. బిషప్పుగారు మూడు రోజులు ఉపవాసం ఉండి సమాధి దగ్గరికి వెళ్లి లెమ్మన్నారు. చచ్చి మూడేళ్లయినవాడు శవగుడ్డతో లేచి వచ్చి సభలో నిలబడి నిజం చెప్పి, ఇంకా బతుకుతావా అంటే అక్కర్లేదు అని మళ్లీ వెళ్లి పడుకున్నాడు. బొమ్మలో వెనకాల ఒకడు ముక్కు మూసుకుని నిలబడతాడు, చిన్నప్పుడు నాకు వాడంటేనే ఇష్టం. నేను ఏప్రిల్లో పుట్టాను, కాబట్టి తర్వాత వచ్చే మే ఎనిమిది నాది, బిషప్పుగారు నావారు. అది అక్టోబర్లో పుట్టింది కాబట్టి నవంబరు పదమూడున వచ్చే పునీత స్టానిస్లావ్ కోస్ట్కా దాని వాడు, పద్దెనిమిది నిండకుండానే చచ్చిపోయిన పిల్లవాడు, పొడుగు నల్లంగీ, చేతిలో బాలయేసు, బుగ్గలు గులాబీరంగు. బళ్లో ఇద్దరమూ స్టానిస్లావాలం, ముద్దుగా స్టాషాలం, ఒకే బెంచీ, సిస్టరమ్మ హాజరు పిలిచేటప్పుడు బిషప్పుగారి స్టాషా అంటే నేను, కోస్ట్కా స్టాషా అంటే అది. ఊరంతా అదే పేరు నిలిచిపోయింది. తర్వాతెప్పుడో పెద్దలు ఆ పిల్లవాడి పండగని సెప్టెంబరుకి మార్చారు, అది మాత్రం నవంబరు వదల్లేదు. దానికి పట్టుదల ఎక్కువ. బావి దగ్గర నేను బకెట్ తాడు జారవిడిస్తే, మీ బిషప్పుగార్ని పిలవ్వే, శవాన్ని లేపినాయన బకెట్ లేపలేడా అనేది. మీ వాణ్ణి పిలిస్తే ఏడుస్తాడు కాబోలు, వాళ్లన్న రోజూ కొట్టేవాడట కదా అనేదాన్ని నేను. నవ్వేవాళ్లం.

మీ అందరిలో నా పని చేసిపెట్టేవాడెవరయ్యా అని నేను స్టానిస్లావులందర్నీ పిలిచి చూశాను. ఒక్కొక్క ఏడు ఒక్కొక్కరికి కొవ్వొత్తి వెలిగించాను. ఇప్పుడు పునీతులు, వాళ్ల కింది మెట్టులో ధన్యులు కలిపి ఈ పేరుతో డజనుమంది పైనే ఉన్నారు, ఫాదర్‌గారు ప్రతి ఏడూ ఒక కొత్త పటం తెచ్చి చూపిస్తారు. క్రాకవ్‌లో ప్రసంగాలు చెప్పిన ధన్యుడైన మఠవాసి ఉన్నాడు, ఆయనకి రోగులంటే ఇష్టం, పగలంటే కాదు. యుద్ధంలో జర్మనువాళ్ల శిబిరాల్లో చచ్చిపోయి ధన్యులైన ఫాదర్లు ఉన్నారు, ఒకాయన తనను కొట్టినవాడి కోసం ప్రార్థించాడట. ఆయనకి నా కొవ్వొత్తి వృథా. కోస్ట్కా పిల్లవాడు తనను కొట్టిన అన్నని కూడా క్షమించాడు, వాడిని ఏమడుగుతాం. తిరిగి తిరిగి మా బిషప్పుగారి దగ్గరికే వచ్చాను. సాక్షిని గోతిలోంచి లాక్కొచ్చిన మనిషి. ఆయన్ని రాజు బలిపీఠం దగ్గరే నరికించి ముక్కలు చేయించాడు, ఆ ముక్కలు మళ్లీ అతుక్కున్నాయంటారు. నాకు కావాల్సింది అలాంటాయన.

మూడుంబావు. బొజెనా వంటింట్లో గ్లాసులు తుడుస్తోంది, తుడిచినవే తుడుస్తోంది. అమ్మా, గుడ్లు ఇంకో నాలుగు ఉడకబెట్టనా అంది. వద్దన్నాను. గుడ్లంటే ఆ పన్నెండు గుడ్లు గుర్తొస్తాయి.

విటెక్‌కి ఇరవై నాలుగేళ్లు. యుద్ధం అయిపోయాక కూడా కొత్త ప్రభుత్వానికి లొంగక అడవిలోంచి రానివాళ్లలో వాడొకడు, సెక్యూరిటీ పోలీసులు వాడికోసం రెండేళ్లు వెతికారు. ప్రతి ఏడూ నా పేరు పండక్కి ఎలాగో వచ్చేవాడు, పెరటి కంచె దూకి, జేబులో నాకోసం ఏదో ఒకటి, ఒకసారి రిబ్బను, ఒకసారి సగం చాక్లెట్. ఊళ్లో అందరికీ తెలుసు అని వాళ్లకీ తెలిసింది. ఆ ఏడు మే ఎనిమిదిన మా ఇంటి చుట్టూ నలుగురు కాపలా కాశారు, వాడు రాలేదు, నేను రాత్రంతా ఏడ్చాను. శరత్కాలంలో పుట్టగొడుగులు అమ్మే ముసల్ది కబురు తెచ్చింది, ఈ ఏడు స్టాషా పండగ బిషప్పుగారి రోజున కాదు, కోస్ట్కా రోజున, కోస్ట్కా స్టాషా వాళ్లింట్లో. అక్కడ ఆ రోజు పదిమంది వస్తారు, పోతారు, ఒక మొహం ఎక్కువైతే ఎవరు చూస్తారు. ఆ సంగతి తెలిసింది మా అమ్మకి, దానికి, దాని తల్లిదండ్రులకి, నాకు. ఇంకెవరికీ తెలీదు. నేను ఎవరికీ చెప్పలేదు, బొమ్మకి కూడా చెప్పలేదు. నాకు పదిహేనేళ్లు, ఎంత సంతోషమున్నా నోరు కుట్టేసుకుని తిరిగాను. ఒక్కటే బెంగ, ఇంతకాలం ఆ కోస్ట్కా పిల్లవాడికి నేను ఒక కొవ్వొత్తి కూడా వెలిగించలేదు, ఇప్పుడు వాడి రోజున నా పండగ చేసుకుంటే వాడేమనుకుంటాడు, అలిగితే విటెక్‌ని ఎవరు కాపాడతారు. కోళ్ల గూట్లోంచి పన్నెండు గుడ్లు ఏరుకెళ్లి అప్పటి ముసలి ఫాదర్‌గారికిచ్చి పదమూడు పొద్దున్న ఒక పూజ చెప్పించాను. అన్న పేరు చెప్పలేదు, చెప్పేంత వెర్రిదాన్నా నేను. సోదరుడి తరఫున అన్నానంతే. అంత భక్తిగా చెప్పించిన పూజ ఏమయింది, ఆ పిల్లవాడు ఏం కాపాడాడు. అందుకే ఆ పటం వైపు ఇప్పటికీ మొహం తిప్పను.

పదమూడుకి ముందురోజు ఆదివారం, చర్చిలోంచి బయటికొస్తుంటే కోస్ట్కా స్టాషా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏమే, పదమూడున నీకెందుకే పూజ అంది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఓహో, వాటా అడుగుతున్నానని ఏడుపు కాబోలు అనుకున్నాను, నీ కోస్ట్కాని నేనేం ఎత్తుకుపోవట్లేదులే, సాయంత్రానికల్లా తిరిగిచ్చేస్తాను అని చెయ్యి విదిలించుకున్నాను. అది ఇంకేదో అనబోయింది, వాళ్లమ్మ పిలిచింది. అప్పుడే నాకు తెలియాల్సింది, అమ్మేసినవాళ్ల మొహం అలాగే ఉంటుంది.

సోమవారం సాయంత్రం వాళ్లింట్లో అకార్డియన్ వాయిస్తున్నారు. విటెక్ వెనకవైపు తోటలోంచి వచ్చాడు, దాని తండ్రి కోటొకటి వాడికి తొడిగారు, జుట్టు నీళ్లతో దువ్వుకున్నాడు, బల్ల దగ్గర నా పక్కనే కూర్చున్నాడు. చిక్కిపోయాడు, చేతులు మాత్రం వేడిగా ఉన్నాయి. ఏమే, ఇద్దరు స్టాషాలకి ఒకే కేకా, మీ ఇద్దర్లో ఎవరు పిసినారి అన్నాడు. అప్పుడు తలుపు కొట్టారు. కొత్తవాళ్లు ఇద్దరు, శుభ్రమైన కోట్లు, చేతిలో కార్నేషన్ పూలు, స్టాషా పాపకి శుభాకాంక్షలు అన్నారు. పేరు పండక్కి పూలతో వచ్చినవాణ్ణి మీరెవరని అడుగుతారా. దాని తల్లి కూర్చోబెట్టింది, టీ పోసింది, కేకు పెట్టింది. నేను పూలు చూశాను, ఆరున్నాయి. సరిసంఖ్యలో పూలు చచ్చినవాళ్లకిస్తారు. ఆరున్నాయేమిటి అనుకునేలోపు ఒకడు కేకు పూర్తిగా తిని, ఫోర్కు పళ్లెంలో పెట్టి, మూతి తుడుచుకుని, లేవరా విటెక్ అన్నాడు. తోటలో ఇంకా ఆరుగురు ఉన్నారు. వాడు పెనుగులాడలేదు, బల్లమీద గ్లాసు కూడా ఒలకలేదు. రెండేళ్లకి జైల్లోనే పోయాడు, శవం ఇవ్వలేదు, శ్మశానంలో మా అమ్మ పక్కన వాడి పేరున్న రాయి కింద ఉత్త మట్టి.

దాని తండ్రిని కూడా తీసుకెళ్లారు. మూడు వారాల్లో వదిలేశారు. రెండు పళ్లు ఊడాయి, అంతే. ఇంట్లో అడవిమనిషికి అన్నం పెట్టినవాణ్ణి మూడు వారాల్లో వదులుతారా, ఏమిస్తే వదులుతారో నాకు తెలీదా. అమ్మతో అన్నాను. అమ్మ పిండి పిసుకుతూ, వదిలెయ్యవే, ఎవరో ఏమిటో మనకి తెలీదు అంది. అమ్మ మెత్తన. ఆ తర్వాత అమ్మ ఆదివారం పూజ చివర్లో వారం ప్రకటనలు చదవబోతుంటే నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేసేది, చనిపోయేదాకా అంతే, ఒక్కసారి కూడా ప్రకటనలు విననివ్వలేదు. ఇతరుల ఇళ్లలో పెళ్లిళ్లూ కృతజ్ఞతలూ వినడానికి ప్రాణం ఒప్పక అనుకునేదాన్ని. సరే, అమ్మ వదిలేసింది, నేను వదల్లేదు. నవంబరు పదమూడున దాని గడప నేను ఈ రోజు వరకు తొక్కలేదు. వీధంతా పూలు పట్టుకుని వెళ్తుంటే కిటికీలో నిలబడి, కనబడేలా నిలబడి, బట్టలు ఉతుక్కున్నాను. అది మాత్రం మరుసటి మేలోనే వచ్చింది, పూలు పట్టుకుని, ఏమీ ఎరగనట్టు. గుమ్మంలో నిలబడ్డవాళ్లని పొమ్మనలేను కదా, బల్ల మూలన కూర్చోబెట్టాను. మూలన కూర్చున్న పిల్లకి ఏడేళ్లు పెళ్లి కాదంటారు. ఏడేళ్లు సరిపోవని ప్రతి ఏడూ మూలే చూపించాను.

పెళ్లి కుదిరింది ఒకసారి. లెక్కల మాస్టారు జెనోన్, పొడుగ్గా, సైకిలు మీద వచ్చేవాడు, నవ్వితే చెంపమీద గుంట. ఉంగరం కూడా ఇచ్చాడు. నేను గసాల రొట్టె చేసుకుని వాళ్లమ్మ దగ్గరికి బస్సెక్కి వెళ్లాను. ఆ ఇంటి పిల్లని చేసుకోండి, మంచి పిల్లే, కాకపోతే ఇంటికొచ్చిన మనిషికి కేకు పెట్టి పోలీసులకి అప్పజెప్పడం ఆ ఇంటి అలవాటు, తర్వాత మీ ఇష్టం అన్నాను. అంతే అన్నాను. ఒక నెలలో ఉంగరం వెనక్కి వెళ్లిపోయింది, జెనోన్ వేరే ఊరికి బదిలీ చేయించుకున్నాడు. ఆ రోజు సాయంత్రం నేను మా పెరట్లో నిలబడి దాని ఇంటి దీపం చూస్తూ అన్నం తిన్నాను, ఆ అన్నమంత రుచి నేనెప్పుడూ ఎరగను. తర్వాత నాకు పెళ్లయింది, బొజెనా పుట్టింది, కోస్ట్కా స్టాషాకి పోస్టాఫీసూ, తల్లీ, పిల్లీ మిగిలాయి. తల్లి పోయింది, పిల్లి పోయింది. అయినా ఇంకా చాల్లేదు నాకు, ఎందుకంటే అది ఒక్కసారి కూడా తప్పయింది అనలేదు. మూల కూర్చుని కేకు తిని, బాగుందే అని, వెళ్లిపోయేది. ఇవాళ అనిపిస్తాను.

మూడున్నర. వీధిలో ఎవరూ లేరు. కవరు అంచు చూస్తుంటే అందులో దాని పేరు ఎలా రాసి ఉంటుందో అనిపిస్తోంది, పూర్తి పేరు రాస్తారా, స్టానిస్లావా స్రోకా అని, లేకపోతే తండ్రి పేరా, తల్లి పేరా, ఎవరు వెళ్లి చెప్పారు, ఏ తలుపు కొట్టారు. పదిమంది ముందు తడబడితే బాగుండదు, అక్షరాలు చిన్నవిగా ఉంటే కళ్లజోడుతో కూడా నాకు కష్టం. ఒక్కసారి పేరు ఎక్కడుందో చూసుకుని పెట్టేస్తే తప్పేముంది. కేకు పళ్లెం జరిపాను. అమ్మా అంది బొజెనా గుమ్మంలోంచి, చేతిలో తుడుపుగుడ్డ పట్టుకుని. ఏం అన్నాను. ఏం లేదు అంది. వెళ్లలేదు, అక్కడే నిలబడింది.

ఒకటే కాగితం. సమాచారం ఇచ్చినవారు, పిచ్చుక. పిచ్చుక అట, మారుపేరు. దాని కింద టైపు చేసిన అయిదారు వరుసలు. ఈ నెల పన్నెండున చర్చిలో వారపు పూజల జాబితా చదివినప్పుడు ఈ కింది విషయం విన్నాను. సోమవారం, నవంబరు పదమూడు, ఉదయం ఆరున్నర పూజ, స్టానిస్లావా గైదా పేరు పండగ సందర్భంగా, సోదరుడి తరఫున కృతజ్ఞతగా. సదరు గైదా పేరు పండగ మే ఎనిమిదిన చేసుకుంటుందని ఊరందరికీ తెలిసిందే. ఆమెకి ఉన్న సోదరుడు ఒక్కడే, ప్రస్తుతం పరారీలో ఉన్నవాడు. పదమూడున ఆ పేరుతో పండగ జరిగే ఇల్లు ఒక్కటే, స్రోకావాళ్లది. గమనించవలసిందని మనవి.

మళ్లీ చదివాను. గైదా అంటే నేనే, పెళ్లికి ముందు. నేను చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు, బొమ్మకి కూడా చెప్పలేదు, ముసలి ఫాదర్‌గారు చదివారు, మూడువందలమంది ముందు, ప్రతి ఆదివారం చదివినట్టే, ఫలానావారి ఆత్మకి, ఫలానావారి జబ్బు నయమవడానికి, ఆ వరసలో నా పన్నెండు గుడ్ల పూజ కూడా, నేను మూడో బెంచీలో కూర్చుని విన్నాను కూడా, నా పేరు వినబడితే గర్వంగా వీపు నిటారుగా పెట్టాను. ఎవడు ఆ పిచ్చుక, ఏ బెంచీలో కూర్చున్నాడు, చెవులు ఊడిపోను, బతికి ఉంటే వాణ్ణి, చచ్చి ఉంటే వాడి సమాధిని, పేర్లు వెతకాలి, ఆ రోజు చర్చిలో ఎవరున్నారు, మందులషాపాయన, స్టేషన్ మాస్టారు, అకార్డియన్ వాయించినవాడు. పిచ్చుకకి గింజ వేసింది నేను. నా చెయ్యి పట్టుకుని అమ్మ బయటికి తీసుకొచ్చేసేది ప్రకటనల ముందు. అమ్మకి తెలుసు. అమ్మ నా పక్కనే కూర్చుని విన్నది, పూజ గురించి అమ్మకి అప్పుడే తెలిసింది, ఇంటికొచ్చి ఒక్క మాట అనలేదు, విటెక్‌కి కబురు పంపడానికి పుట్టగొడుగుల ముసల్దాని గుడిసెకి మంచులో నడిచి వెళ్లి ఖాళీ గుడిసె చూసి తిరిగొచ్చి ఉంటుంది, ఆ రాత్రి తడిసిన చెప్పులు పొయ్యి దగ్గర పెట్టుకుంది, ఎక్కడికెళ్లావమ్మా అంటే కట్టెలకి అంది. ఇంటి నిండా కట్టెలున్నాయి ఆ ఏడు. జెనోన్ వాళ్లమ్మ నా రొట్టె తీసుకోలేదు, తిరిగి సంచిలో పెట్టుకుని తెచ్చుకుని దారిలో బస్సులో నేనే తిన్నాను.

తలుపు గంట మోగింది. నాలుగింటికి పది నిమిషాలు.

బొజెనా వెళ్లి తీసింది. అయిదు రెమ్మల తెల్ల లైలాక్ పూలు, దాని పెరట్లోవే, కింద తడి గుడ్డ చుట్టి ఉంది. "నూరేళ్లు బతకవే స్టాషా," అంది కోటు విప్పుతూ. తర్వాత బల్లమీద చినిగిన కవరు చూసింది. "తెరిచేశావా? అందరి ముందూ తెరుస్తానన్నావట, వీధంతా చెప్పుకుంటున్నారు."

"నీకు తెలుసు," అన్నాను.

"తెలియకేం. నీ పక్క బెంచీలోనే ఉన్నాను కదే ఆ ఆదివారం. బయటికొచ్చి అడిగితే నా కోస్ట్కాని సాయంత్రానికల్లా తిరిగిచ్చేస్తానన్నావు." వచ్చి మూల కుర్చీలో కూర్చుంది, చూపించకుండానే.

"చెప్పొచ్చు కదా."

"చెబుదామనే వచ్చాను, తర్వాతి మేలో. మీ అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. చెప్పకే, తెలిస్తే పిల్ల బావిలో దూకుతుంది, నిన్ను తిట్టుకుంటూనైనా బతకనీ అంది. సరే అన్నాను. పదిహేనేళ్లే కదా నాకూ, సరే అనేశాను." తెల్లగుడ్డ మీద లేని పొట్టు దులిపింది. "జెనోన్ సంగతి అయ్యాక మాత్రం నిజంగా చెప్పడానికే వచ్చేదాన్ని. ప్రతి ఏడూ. కేకు తిన్నాక చెబుతాను, నీ మొహం ఎలా మాడిపోతుందో చూసి వెళ్తాను అనుకునేదాన్ని. పూలు కోసేటప్పుడే మాటలు కూర్చుకునేదాన్ని, ఇలా అనాలి, అలా అనాలి అని."

"మరి?"

"ఏమో. కేకు బాగుండేది." కాసేపు కిటికీ వైపు చూసింది. "మీ అమ్మ పోయాక అనుకున్నాను, ఒక్క నవంబర్లోనైనా మా గుమ్మంలోకి వస్తే అప్పుడు చెబుదాం, ఇద్దరం కూర్చుని ఏడుద్దాం అని. రాలేదు నువ్వు. బట్టలు ఉతుక్కున్నావు." అప్పుడు నా మొహంలోకి సూటిగా చూసింది. "జెనోన్ విషయం నేను క్షమించలేదు స్టాషా. ఇక ముందు కూడా క్షమించను. అది తెలుసుకో."

తెలుసుకున్నాను అన్నాను. కాళ్లమీద పడదామనిపించింది, మోకాళ్లు వంగవు, వంగినా దానికి అదేం పనికొస్తుంది, పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు ఇతరుల పెళ్లి టెలిగ్రాములు కొట్టిన మనిషికి. మళ్లీ గంట మోగింది, ఈసారి ఆగకుండా, మెట్లమీద చాలా చెప్పుల చప్పుడు. బొజెనా గబగబా వచ్చి చెయ్యి చాచింది. "ఇవ్వమ్మా, పొయ్యిలో వేసేస్తాను. పేర్లు నల్లగా కొట్టేశారని చెప్పు, ఎవరూ అడగరు." అవును, ఎవరూ అడగరు. కోస్ట్కా స్టాషా కూడా చెప్పదు, చెప్పే మనిషైతే యాభై మూడేళ్లు ఆగుతుందా. కాగితం కాలిపోతుంది, నేను కేకు కోస్తాను, వచ్చినవాళ్లు మూలవైపు చూసి పోనీలే ముసల్ది అని తల తిప్పుకుంటారు, దాని శవపేటిక వెనక కూడా ఆ మాటే నడుస్తుంది. బొజెనా చెయ్యి ఇంకా చాచే ఉంది. తలుపు తియ్యవే అన్నాను.

పూలు, కోట్లు, ముద్దులు, ఒకరి తర్వాత ఒకరు. మందులషాపు ముసలామె నా బుగ్గ ముద్దుపెట్టుకుంటూనే మూలవైపు చూసింది. పోస్టాఫీసువాళ్లిద్దరూ దానికి నమస్కారం కూడా చెప్పకుండా అటుచివర కూర్చున్నారు, దాని పక్క కుర్చీ ఖాళీగా మిగిలింది. అది తనకి తనే కేకు ముక్క పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. ఫాదర్ యులియన్‌గారు ప్రార్థన చెప్పి కూర్చున్నారు, గ్లాసులో చెంచా తిప్పుతూ, ఊఁ, స్టాషాగారూ, ఏదో కాగితమన్నారు అన్నారు మెల్లగా, నేను వద్దంటే బాగుండునన్నట్టు. అందరి కళ్లూ మూల కుర్చీ మీదే. ఇన్నేళ్లూ ఈ చూపుల కోసమే కదా నేను కొవ్వొత్తులు వెలిగించింది, సరిగ్గా నేను కోరుకున్నట్టే ఉన్నాయి.

కళ్లజోడు పెట్టుకుని లేచాను. కాగితం చేతిలోకి తీసుకున్నాను, గొంతు బాగానే పలికింది, ఆ ముసలి ఫాదర్‌గారి గొంతులాగే. సోమవారం, నవంబరు పదమూడు, ఉదయం ఆరున్నర పూజ అని చదివాను. కోస్ట్కా స్టాషా తినడం ఆపి ఫోర్కు పళ్లెంలో పెట్టింది. తర్వాతి మాట కాగితంలో చూడక్కర్లేదు నాకు, కళ్లజోడు తీసేశాను. ఆ పూజ చెప్పించింది నేనే అన్నాను.